ఫిడేలును మనదిగా జేసిన బాలుస్వామి దీక్షితులు

పల్లెలో హరికథ జరిగినను, పట్టణమున పాటకచేరి జరిగినను ప్రక్కన ఫిడేలు లేనిదే సభ నిండుగా దోపదు. ఇట్టి వాద్యము సుమారు రెండువందల ఏబది యేండ్లకు పూర్వము దక్షిణదేశ సంగీతమున స్థానమే లేనిదని చెప్పిన నమ్మువారరుదు. దానిని తెల్లదొరల చేతినుండి గైకొని మన రాగములను పలికించినవారిలో మొదట పేర్కొనదగిన మహనీయుడు బాలుస్వామి దీక్షితులు.

ఆయన 1786వ సంవత్సరమున తిరువారూరులో జన్మించెను. తండ్రి రామస్వామి దీక్షితులు తమిళదేశమున నివసించియు నూటయెనిమిది రాగతాళముల మాలికను తెనుగుననే కూర్చిన విద్వాంసుడు. సంగీత త్రిమూర్తులలో నొకడగు ముత్తుస్వామి దీక్షితులు పెద్దయన్న, చిన్నస్వామి నడిమివాడు.

చెన్నపట్టణ సమీపమునగల మణలి గ్రామపు మొదలియారు ఈ కుటుంబమును రావించి ఆదరించెను. ఆయన కుంపిణీవారికి దుబాసి. కోటలో తెల్లవారి బ్యాండు మేళమును దీక్షిత సోదరులు వినుట అట్లు తటస్థించెను. అన్నకు ఆ పాటల వరుసలు నచ్చినవి. తమ్మునకు ఆ వాద్యము నచ్చినది. బాలుస్వామి కోరిక నెరిగి మొదలియారు కుమారుడు ఒక ఐరోపావాసిని నియమించి మూడేండ్లు ఫిడేలు నేర్పించెను.

ముత్తుస్వామి దీక్షితులు ఆ వరుసలకు సంస్కృత సాహిత్యమును పొదిగి నలుబదివరకు కృతులు రచించెను. వీనికి నొట్టుస్వరములని పేరు. ఆంగ్లేయుల రాజగీతపు వరుసలో అమ్మవారి స్తుతి వెలసెను. స్కాట్లండు దేశమున ఫిడేలుపై వాయించుచుండగా జనులు చిందులు వేయు లార్డు మెక్డొనాల్డు రీలు అను వరుసయు వీనిలో చేరినదని పరిశోధకులు పోల్చినారు. ఎక్కడి చలిదేశము, ఎక్కడి కావేరీతీరము!

వరుసను తెచ్చుకొనుట సులభమే. వాద్యమును మనదిగా జేయుట కష్టము. తెల్లవారు దానిని గడ్డము క్రింద అదిమి నిలుచుండి వాయింతురు. మనవారు నేలపై కూర్చుండి, దాని తలను పాదముపై నానింతురు. అందువలన ఎడమచేయి తీగలపై స్వేచ్ఛగా జారును. తీగలకు షడ్జపంచమముల శ్రుతి గూర్చిరి. వీణకున్నట్లు మెట్లు లేకుండుటచే గమకము వ్రేలి జారుపాటున పలుకును. ఈ మార్పంతయు ఒక్కనివలన జరుగలేదు. తంజావూరు వడివేలు వంటివారును తరువాత పాటుపడిరి. అయినను తొలియడుగు సామాన్యమైనది కాదు.

1817లో తండ్రి గతించెను. పిమ్మట చిన్నస్వామి, బాలుస్వామి జంటగా పాడుచు మధుర జేరిరి.  చిన్నస్వామి మధురలోనే కాలధర్మము నొందెను. ఒంటరియైన బాలుస్వామి రామేశ్వరయాత్ర జేసి ఎట్టయాపురము జేరెను. అచ్చటి ప్రభువులు తెలుగుమూలముగల నాయక వంశజులు. వారాయనను 1824లో ఆస్థాన విద్వాంసునిగా నిలిపిరి.

తమ్ముల జాడ తెలియక పరితపించిన ముత్తుస్వామి మధురకు వచ్చి, ఒకడు లేడనియు ఒకడు ఎట్టయాపురమున నున్నాడనియు తెలిసికొని పయనమయ్యెను. దారిలో ఎండిన చేలను జూచి అమృతవర్షిణీ రాగమున దేవిని ప్రార్థింపగా వర్షము గురిసెనని ఐతిహ్యము. మబ్బు కొరకు మొగమెత్తి చూచు మెట్టపొలముల వారికి ఈ కథ వేరుగా వివరింపనక్కరలేదు. అన్నదమ్ములు తుదకు కలిసికొనిరి. 1835లో దీపావళినాడు అన్న ఎట్టయాపురముననే దేహము చాలించెను.

ఇరువురన్నలును పోగా వారి విద్య యంతయు బాలుస్వామి యొక్కని కంఠమునను వ్రేళ్లయందును మిగిలెను. ఆయన తన దౌహిత్రుని దత్తు గైకొని దానిని అతనికి ధారవోసి 1858లో గతించెను. ఆ బాలుడే సుబ్బరామ దీక్షితులు. కులధనమువలె దాచిన కృతులను వెల్లడించుటకు ఆయన మొదట సంకోచించినను, ఎ. ఎం. చిన్నస్వామి మొదలియారు ప్రోద్బలమున అంగీకరించి స్వరములతో వ్రాసెను. సంగీత సంప్రదాయ ప్రదర్శిని యను ఆ గ్రంథము 1904లో ఎట్టయాపురమున అచ్చయ్యెను. ఆ తమిళసీమలో వెలువడిన దాని భాషయు లిపియు తెలుగే.