దీనబంధు ఎంచుకున్న దానం

క్రిస్మస్ వచ్చిందంటే ఢిల్లీలో నా బల్లపై విరాళాల విజ్ఞప్తులు పేరుకుపోతాయి. దేనికివ్వాలో తోచనప్పుడు సి.ఎఫ్. ఆండ్రూస్ గుర్తుకు వస్తారు. 1904లో ఇంగ్లండు నుంచి వచ్చి ఇక్కడి సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో అధ్యాపకుడైన క్రైస్తవ మతగురువు ఆయన.

1913 చివర, దక్షిణాఫ్రికాలో గాంధీజీ సాగిస్తున్న సత్యాగ్రహానికి గోఖలే నిధి వసూలు చేస్తుంటే, ఆండ్రూస్ తాను కూడబెట్టుకున్నదంతా ఇచ్చివేశారు. మిషనరీకి అనాథాశ్రమాలూ, ఆసుపత్రులూ కరవా? అయినా సమ్మెకట్టి జైళ్లపాలైన కూలీల పోరాటాన్నే ఎంచుకున్నారు. ఆ దేశంలోని ఒప్పంద కూలీలలో మన తెలుగువారూ ఎందరో ఉన్నారు. సొమ్ముతో సరిపెట్టక ఓడ ఎక్కారు; ఆ క్రిస్మస్ ప్రయాణంలోనే గడిచింది. 1914 జనవరి ఆరంభంలో డర్బన్ రేవులో దిగి గాంధీజీ పాదాలకు నమస్కరించారు. అక్కడి శ్వేతజాతీయులు మండిపడ్డారు.

తరువాత ఫిజీ వెళ్లి కూలీల దుస్థితిని లోకానికి చాటారు. 1920లో అక్కడ ఆ వ్యవస్థ అంతమైంది. 1940లో ఆయన కలకత్తాలో కన్నుమూశారు.

నిరుడు దుప్పట్ల పంపిణీకి చెక్కు రాశాను. ఈసారి వెట్టి కూలీల తరఫున వ్యాజ్యాలు నడిపేవారికి రాశాను.