వాయించడం రాని గిటార్ల మేస్త్రి లియో ఫెండర్



మన గోడ పత్రికలో మహనీయుల జీవితాలు అనే శీర్షిక కింద ఇప్పటిదాకా గాంధీజీ, అంబేద్కర్, కొమురం భీం, మేరీ క్యూరీ వచ్చారు. ఈసారి రాసే వంతు నాది. నేను లియో ఫెండర్ గురించి రాస్తున్నాను. ఈ పేరు మీలో చాలామంది విని ఉండరు. కానీ ఈయన చేసిన వస్తువు చప్పుడు మాత్రం అందరూ విన్నారు. పెళ్లిలో ఆర్కెస్ట్రా వాయించేటప్పుడు, చర్చిలో క్రిస్మస్ పాటలు పాడేటప్పుడు పాట అడుగున ఒక లావు శబ్దం వస్తుంది. అది చెవికంటే ముందు గుండెకు తగులుతుంది. అదంతా డ్రమ్ము చప్పుడే అనుకుంటారు చాలామంది. కాదు, అందులో సగం బేస్ గిటార్. కరెంటుతో పలికే ఆ బేస్ గిటార్‌ను ప్రపంచమంతా వాయించేటట్టు చేసినవాడే లియో ఫెండర్.

ఈ పేరు నాకెట్ల తెలిసిందంటే

మా పెద్దనాన్న కొడుకు, అన్న, కోదాడలో ఉంటాడు. పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయిస్తాడు. సీజన్ లేనప్పుడు సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ మూడు ఊర్లూ తిరిగి పాత గిటార్లు కొంటాడు, బాగుచేసి అమ్ముతాడు. కొన్ని మాత్రం ఎంత ధర వచ్చినా అమ్మడు, గోడకు తగిలిస్తాడు. బియ్యం డబ్బాకు జాగా లేదు గానీ గిటార్లకు ఉందని మా వదిన కోప్పడుతది.

పాత గిటార్ కొనేటప్పుడు అన్న ముందుగా దాని పొడుగు కర్రను కంటి దగ్గర పెట్టుకొని, బాణం వంకర చూసినట్టు చూస్తాడు. కర్ర వంగితే శ్రుతి నిలవదట. తర్వాత ఒక్కో మెట్టు మీద తీగ నొక్కి వింటాడు. వైరు పెట్టి, వాయించకుండానే గుయ్ మని మోత వస్తుందా అని చూస్తాడు. అన్నీ చూసినంక ధర అడుగుతాడు.

మొన్న సెలవుల్లో పోయినప్పుడు ఆయన కొత్తగా తెచ్చిన గిటార్ మీద, బిరడల దగ్గర, ఫెండర్ అని రాసి ఉంది. అది ఒట్టి స్టిక్కరే, అసలుది మనం కొనలేమని నవ్విండు. ఫెండర్ అంటే కంపెనీ అనుకున్నా నేను. కాదు, ఒక మనిషి పేరు. అన్న చెప్పింది విని, మన లైబ్రరీలో, కంప్యూటర్ గదిలో ఇంకా వెతికి ఇది రాస్తున్నాను.

బాల్యం

లియో ఫెండర్ 1909 ఆగస్టు 10న అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో పుట్టాడు. మన నల్లగొండ దిక్కు బత్తాయి తోటలు ఉన్నట్టే అక్కడ నారింజ తోటలు. వాళ్ల అమ్మానాన్నలు ఆ తోట పనే చేసేవాళ్లు. ఎనిమిదేళ్ల వయసులో కణితి వల్ల ఆయనకు ఒక కన్ను తీసేశారు. అప్పటినుంచి జీవితమంతా గాజు కన్నుతోనే బతికాడు.

ఆయన మామ ఒకాయనకు కార్ల కరెంటు పనులు చేసే షాపు ఉండేది. ఆ మామ ఒకసారి పాత కారు బ్యాటరీ, రేడియో ముక్కలు ఒక పెట్టెలో పెట్టి పంపించిండు. ఇంకొకరికైతే అది చెత్త. లియోకు అదే మొదటి ప్రయోగశాల. తర్వాత మామ షాపుకు పోయి, ఆయన చేతితో చేసిన రేడియో గట్టిగా మోగుతుంటే విని ఆశ్చర్యపోయాడు. హైస్కూల్లో ఉన్నప్పుడే ఇంట్లో చుట్టుపక్కల వాళ్ల రేడియోలు బాగుచేయడం మొదలుపెట్టాడు.

చిన్నప్పుడు పియానో, తర్వాత సాక్సోఫోన్ కొంత నేర్చుకున్నాడు. గిటార్ మాత్రం ఆయన ఎప్పుడూ నేర్చుకోలేదు. ఇది గుర్తు పెట్టుకోండి. అసలు సంగతి ఇందులోనే ఉంది.

ఉద్యోగం పోయింది, షాపు వచ్చింది

కాలేజీలో లియో చదివింది ఇంజనీరింగ్ కాదు, లెక్కలు రాసే చదువు. గుమాస్తాగా పనిచేశాడు. 1930ల ఆర్థిక మాంద్యంలో ఆ ఉద్యోగాలు పోయాయి. అప్పుడు 600 డాలర్లు అప్పు చేసి 1938లో ఫుల్లర్టన్ అనే తన ఊర్లో రేడియో రిపేరు షాపు పెట్టాడు. సూర్యాపేట బస్టాండు దిక్కు పాత టీవీలు, మిక్సీలు, మైకు డబ్బాలు కుప్పపోసుకొని కూర్చునే షాపులు చూసి ఉంటరు. అసుంటిదే అనుకోండి.

ఆ షాపుకు రేడియోలతో పాటు పాటగాళ్లు, గిటార్ వాయించేవాళ్లు కూడా వచ్చేవాళ్లు. మైకు మోగుతలేదని, ఆంప్లిఫయర్ గురగుర అంటుందని చెప్పేవాళ్లు. లియో వాళ్ల మాట వింటూ బాగుచేసేవాడు. ఏ వస్తువు ఎక్కడ విరుగుతుందో, ఎందుకు విరుగుతుందో ఆయనకు ఆ బల్ల దగ్గరే తెలిసింది. 1946లో ఫెండర్ ఎలక్ట్రిక్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ పెట్టాడు.

బేస్ గిటార్ ఎట్ల పుట్టింది

ఆ రోజుల్లో పాటకు లావు శబ్దం ఇవ్వడానికి డబుల్ బేస్ అనే వాయిద్యం ఉండేది. అది ఫిడేలు లాగానే ఉంటుంది గానీ మనిషికంటే ఎత్తు. నిలబడి వాయించాలి. ఊరూరు తిరిగే బ్యాండు వాళ్లకు దాన్ని మోయడమే పెద్ద పని. పైగా కరెంటు గిటార్లు, డ్రమ్ముల మధ్యల దాని చప్పుడు వినబడేది కాదు. దానికి మెట్లు కూడా ఉండవు. ఎక్కడ వేలు పెడితే ఏ స్వరం వస్తుందో ఏళ్ల తరబడి సాధన చేస్తేనే తెలుస్తుంది.

1951లో లియో దీనికి ఉపాయం చేశాడు. గిటార్ లాగా మెడలో వేసుకునే బేస్ చేశాడు. నాలుగు లావు తీగలు, 20 మెట్లు. కదిలే తీగ పొడవు 34 అంగుళాలు. మెట్టు దగ్గర నొక్కితే స్వరం ఖచ్చితంగా వస్తుంది కాబట్టి దానికి ప్రెసిషన్ బేస్ అని పేరు పెట్టాడు. ప్రెసిషన్ అంటే ఖచ్చితత్వం.

ధ్వని పాఠంలో మనం ఫ్రీక్వెన్సీ గురించి చదువుకున్నాం కదా. మామూలు గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కదులుతుంది. బేస్ గిటార్‌లో లావు తీగ సుమారు 41 సార్లే, సరిగ్గా సగం. తీగ పొడుగు, లావు పెరిగితే కదలిక నెమ్మదవుతుంది, శబ్దం లోతుకు పోతుంది. మా తండాలో పండుగకు నగారా కొడితే కూడా ఇట్లనే కడుపులో మోగుతది.

తీగల కింద పికప్ అని ఒకటి ఉంటుంది. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక లాంటి సన్నటి రాగి తీగ వేల చుట్లు ఉంటుంది. పైన ఇనుప తీగ కదిలితే రాగి తీగలో చిన్న కరెంటు పుడుతుంది. ఆంప్లిఫయర్ దాన్ని పెద్దది చేస్తుంది. అంతే.

అమెరికాలోనే సియాటిల్ నగరంలో పాల్ టట్‌మార్క్ అనే ఆయన 1930లలోనే ఇట్లాంటి కరెంటు బేస్ చేశాడు. కానీ అది జనంలోకి పోలేదు. లియోది పోయింది. ఎందుకంటే ఆయన రిపేరు పని చేసినవాడు. చేసేటప్పుడే, ఇది పాడైతే ఎట్ల బాగుచేయాలి అని ఆలోచించేవాడు. అప్పటి మంచి గిటార్లకు పొడుగు కర్రను జిగురుతో అంటించేవాళ్లు. లియో నాలుగు స్క్రూలతో బిగించాడు. కర్ర వంగితే స్క్రూలు విప్పి ఇంకొకటి పెట్టుకోవచ్చు. కోదాడలో మా అన్న చేసే బేరం అంతా ఆ నాలుగు స్క్రూల మీదనే నడుస్తుంది.

గిటార్ రాకపోవడం ఆయనకు లోటు కాలేదు. తనకు రాదు కాబట్టి వచ్చినవాళ్లను అడిగేవాడు. చేసిన గిటార్‌ను వాయించేవాళ్ల చేతికి ఇచ్చి, ఎక్కడ గుచ్చుకుంటుంది, ఎక్కడ బరువైతుంది అని తెలుసుకొని మళ్లీ మార్చేవాడు. 1954లో స్ట్రాటోకాస్టర్ గిటార్, 1960లో జాజ్ బేస్ ఇట్లనే వచ్చాయి.

వాయించిన చేతులు, చేసిన చేతులు

మొదట్లో ఈ పలక లాంటి గిటార్‌ను తేలికగా చూసిన వాళ్లున్నారు. మాంక్ మాంట్‌గోమరీ అనే ఆయన లయొనెల్ హాంప్టన్ బ్యాండులో దీన్ని వాయించి అందరికీ వినిపించాడు. తర్వాత జేమ్స్ జేమర్సన్ అనే నల్లజాతి కళాకారుడు 1962 నాటి ప్రెసిషన్ బేస్ మీద కుడి చేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటుతూ ఎన్నో గొప్ప పాటలకు ప్రాణం పోశాడు. చాలాకాలం ఆ రికార్డుల అట్టల మీద వాయించినవాళ్ల పేర్లే వేయలేదు. పాట అందరికీ తెలుసు, ఆయన పేరు తెలియదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి చెబుతాను. లియో ఫ్యాక్టరీలో చాలామంది ఆడవాళ్లు పనిచేశారు. అబిగెయిల్ ఇబారా అనే ఆమె 1956లో పనికి చేరింది. రాగి తీగను పికప్‌కు చుట్టడం ఆమె పని. తీగ తెగకుండా, వదులు కాకుండా చేతి వేళ్లతో పట్టుకొని చుట్టాలి. యాభై ఏళ్లకు పైగా ఆమె ఆ పని చేసింది. టాడియో గోమెజ్ అనే ఇంకో కార్మికుడు పొడుగు కర్రలు చెక్కేవాడు. చెక్కినంక కర్ర చివర తన పేరులోని రెండు అక్షరాలు, ఆనాటి తేదీ పెన్సిల్‌తో రాసేవాడు. బిగిస్తే అది ఎవరికీ కనబడదు.

ఇప్పుడు ఆ పాత గిటార్లు సేకరించేవాళ్లు ముందు ఆ నాలుగు స్క్రూలు విప్పి ఆ రాత కోసమే చూస్తారు. ఆ పెన్సిల్ గీతలే అది అసలుదని రుజువు. ఇబారా చుట్టిన పికప్ అంటే దానికి వేరే విలువ. 1951లో సుమారు 200 డాలర్లకు అమ్మిన ప్రెసిషన్ బేస్ ఇప్పుడు మన లెక్కలో లక్షల రూపాయలు పలుకుతుంది.

పేరు అమ్ముడుపోయింది

లియోకు చాలాకాలం ఒక జబ్బు తగ్గలేదు. ఇక ఎక్కువ రోజులు బతకననుకొని 1965లో కంపెనీని సీబీఎస్ అనే పెద్ద సంస్థకు కోటీ ముప్పై లక్షల డాలర్లకు అమ్మేశాడు. తర్వాత వేరే డాక్టరు వైద్యంతో జబ్బు నయమైంది. మనిషి దక్కిండు గానీ పేరు పోయింది. కంపెనీతో పాటు ఫెండర్ అనే పేరు కూడా వాళ్లదైంది. ఇక ఆయన తన చేతితో చేసిన గిటార్ మీద తన ఇంటిపేరు రాసుకోవడానికి లేదు.

అయినా పని ఆపలేదు. మ్యూజిక్ మ్యాన్ అనే కంపెనీలో 1976లో స్టింగ్‌రే బేస్ తెచ్చాడు. 1980 ప్రాంతంలో పాత మిత్రుడు జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి జీ అండ్ ఎల్ అనే కంపెనీ పెట్టాడు. జీ అంటే జార్జ్, ఎల్ అంటే లియో. పూర్తి పేరు లేకపోయినా ఒక్క అక్షరం పెట్టుకున్నాడు. చివరి రోజుల్లో పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు వణికినా పని బల్ల దగ్గరికి పోవడం మానలేదు. 1991 మార్చి 21న చనిపోయాడు. ముందు రోజు కూడా పనికి పోయాడు. 1992లో ఆయన పేరును రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

మనం నేర్చుకోవలసినవి

ఒకటి. అన్నీ వస్తేనే పని మొదలుపెట్టాలని లేదు. రానిది వచ్చినవాళ్లను అడగాలి. క్లాసులో లేచి అడగడానికి సిగ్గుపడే వాళ్లం మనలో చాలామంది ఉన్నాం. లియో రోజూ అడిగిండు.

రెండు. రిపేరు పని చిన్న పని కాదు. పదో తరగతి అయినంక నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ తీసుకుంటానంటే, వైర్ల పని ఆడపిల్లకెందుకని మా తండాలో అంటున్నారు. ఇబారా అరవై ఏళ్ల కిందనే ఆ వైర్లు చుట్టింది. ఈసారి ఇంటికి పోయినప్పుడు ఆమె గురించి మా యాడికి, బాకు చెబుతాను.

మూడు. చేసిన పని మీద పేరు ఉండాలి. మనం తినే బియ్యం మిర్యాలగూడ మిల్లుల నుంచి వస్తాయి. బస్తా మీద మిల్లు పేరు ఉంటుంది, నాటేసిన వాళ్ల పేరు ఉండదు. మా యాడి ప్రతి ఏడాది నాట్లకు పోతది. బ్యాంకులో వేలిముద్ర వేస్తది. మా ఇంట్ల పేరు రాయడం నేర్చుకున్నది నేనే మొదలు.

అందుకని వార్డెన్ మేడం గారికి ఒక మనవి. మన గోడ పత్రికలో కథలు, పాటలు రాసినవాళ్ల పేర్లే ఉంటున్నాయి. చార్టులకు గీతలు కొట్టినవాళ్లు, పూల బొమ్మలు వేసినవాళ్లు, మైదా ఉడికించి అంటించే ఆరో తరగతి చెల్లెళ్ల పేర్లు ఎక్కడా లేవు. వచ్చే నెల నుంచి వాళ్ల పేర్లు కూడా అడుగున రాయనివ్వాలి. జాగా సరిపోకపోతే నా వ్యాసం నాలుగు లైన్లు తగ్గించి రాస్తాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని