యంత్రానికి నిలకడ నేర్పిన హెన్రీ మాడ్‌స్లే

ఇల్లు నిలవడానికి పునాది ఎంత ముఖ్యమో, యంత్రం చక్కగా పనిచేయడానికి దాని దేహదారుఢ్యం అంత ముఖ్యం. పీఠం కదిలినా, తలం వంకరపోయినా ఆ దోషం యంత్రం చేసే ప్రతి వస్తువులోనూ ప్రతిఫలిస్తుంది. ఈ సత్యాన్ని గ్రహించి, దానికోసమే జీవితాన్ని వెచ్చించిన కర్మశీలి హెన్రీ మాడ్‌స్లే.

ఆయన 1771 ఆగస్టు 22న లండన్ సమీపంలోని వూలిచ్‌లో జన్మించాడు. సైన్యంలో గాయపడిన తండ్రి అక్కడి ఆయుధాగారంలో ఉద్యోగిగా ఉండేవాడు. పేదరికం వల్ల మాడ్‌స్లేకు చదువు అబ్బలేదు. పన్నెండేళ్ల ప్రాయంలోనే తూటాలలో మందు నింపే పనికి కుదిరాడు. తరువాత వడ్రంగిశాలకు, అక్కడినుండి కమ్మరి కొలిమికి చేరాడు. కొలిమిలో ఆయన చేతి నైపుణ్యం అందరి దృష్టినీ ఆకర్షించింది.

ఆ రోజుల్లో జోసెఫ్ బ్రామా అనే శిల్పి సాటిలేని తాళాన్ని రూపొందించాడు. కాని దాని సూక్ష్మభాగాలను కచ్చితంగా తయారుచేయగల పనివారు దొరకలేదు. 1789లో పద్దెనిమిదేళ్ల మాడ్‌స్లే ఆ కర్మశాలలో చేరి, అందుకు తగిన పరికరాలను నిర్మించాడు. తెరిచినవారికి 200 గినీల బహుమానం ప్రకటించిన ఆ తాళాన్ని 1851 వరకు ఎవరూ తెరవలేకపోయారు. అంతటి పనిమంతునికి లభించిన వేతనం వారానికి 30 షిల్లింగులు. సంసారం పెరిగి వేతనం పెంచమని కోరితే యజమాని నిరాకరించాడు. 1797లో మాడ్‌స్లే అక్కడినుండి వైదొలగి లండన్‌లో సొంత కర్మశాలను ప్రారంభించాడు.

అంతవరకు లేత్ మిషన్ల చట్రాలు చాలావరకు కొయ్యతోనే ఉండేవి. పనివాడు పనిముట్టును చేతబట్టి లోహాన్ని చెక్కేవాడు. చేయి వణికితే కొలత తప్పేది. మాడ్‌స్లే పనిముట్టును జారుడు పీఠంలో బిగించి, చట్రాన్ని లోహంతో నిర్మించాడు. జారుడు పీఠం అంతకుముందే కొందరికి తెలిసినదైనా, దృఢమైన చట్రాన్ని, కచ్చితమైన మరకడ్డీని దానికి జోడించడం ఆయన ప్రత్యేకత. 1800 ప్రాంతంలో ఆయన రూపొందించిన లేత్ ఒకే తీరైన మరచుట్లను మళ్లీమళ్లీ కోయగలిగింది.

యంత్రం వంకరను సరిచేయడానికి ముందు వంకర లేని తలం ఒకటి కావాలి. మాడ్‌స్లే తన కర్మశాలలో పనివారి బల్లలపై సమతల ఫలకాలను ఉంచాడు. ఫలకానికి పలుచగా రంగు పూసి, దానిపై వస్తువును జరిపితే ఎత్తైన చోట్ల మాత్రమే రంగు అంటుతుంది. ఆ చోట్లను ఆకురాయితో అరగదీసి మళ్లీ పరీక్షించేవారు. యంత్రాల కచ్చితత్వానికి మూలం మానవుని ఓపికగల చేయి అన్నది ఇక్కడ గమనింపదగిన విషయం. అంగుళంలో పదివేలవ వంతును సూచించే కొలతసాధనాన్ని కూడా ఆయన నిర్మించాడు. కొలతలపై వచ్చే తగవులను అదే తీర్చేది. అందుకే దానికి ఆ దేశపు అత్యున్నత న్యాయాధికారి పదవి పేరు పెట్టారు.

పోర్ట్స్‌మౌత్ నౌకాశాల కోసం మార్క్ బ్రునెల్ రూపకల్పన చేసిన కప్పీల యంత్రాలను మాడ్‌స్లే నిర్మించాడు. ఆ యంత్రాల వల్ల నూటపదిమంది నిపుణుల పనిని పదిమంది సాధారణ కార్మికులు చేయగలిగారు. 1808లో అక్కడ 1,30,000 కప్పీలు తయారయ్యాయి. దేశానికి లాభం చేకూరినా, తరతరాలుగా కప్పీలు చెక్కిన చేతుల అవసరం తగ్గిపోయింది. యంత్రయుగపు వెలుగుతో పాటు దాని నీడ కూడా ఆ శాలలోనే కనిపించింది.

మాడ్‌స్లే కర్మశాల ఒక గురుకులం వంటిది. జోసెఫ్ విట్‌వర్త్, రిచర్డ్ రాబర్ట్స్, జేమ్స్ నాస్మిత్ అక్కడ పనిచేసినవారే. రెండు ఫలకాలు ఒకదానికొకటి అతికినా ఒకటి ఉబ్బెత్తుగా, మరొకటి గుంటగా ఉండవచ్చు. మూడింటిని మార్చిమార్చి పోల్చితేనే నిజమైన సమతలం తేలుతుంది. ఈ పద్ధతికి విట్‌వర్త్ విశేష ప్రచారం కల్పించాడు. నాస్మిత్ అక్కడ ఉన్న కాలంలోనే నట్టు ఆరు ముఖాలను కోసే మిల్లింగ్ యంత్రాన్ని తయారుచేశాడు.

నేడు చేవెళ్లలోనో, మొయినాబాద్‌లోనో ఇంటి వసారాలో చిన్న మిల్లింగ్ మిషన్ అమర్చుకొనే యువకునికి కూడా ఈ మార్గమే శరణ్యం. మొదట యంత్రాన్ని బరువైన పీఠానికి బిగించాలి. స్తంభం ఊగకుండా బలపరచాలి. జారే భాగాల వదులును సవరించాలి. ఆ తరువాతే తిరిగే కదురుకు డయల్ గేజ్ తగిలించి, బల్లపై చుట్టూ తిప్పి చూడాలి. ముల్లు నాలుగు దిక్కులా ఒకే అంకె చూపితే కదురు బల్లకు నిట్టనిలువుగా ఉన్నట్లు. తేడా ఉంటే స్తంభం కింద పలుచని రేకులు ఉంచి సరిచేయాలి. ఊగే యంత్రాన్ని ఎంత సరిచేసినా, కోత మొదలుకాగానే ఆ సవరణ చెదిరిపోతుంది.

ఫ్రాన్స్ నుండి తిరిగివస్తూ జలుబు చేసి అస్వస్థుడైన మాడ్‌స్లే 1831 ఫిబ్రవరి 14న కన్నుమూశాడు. తాను పుట్టిన వూలిచ్‌లోనే, తానే రూపకల్పన చేసిన పోత ఇనుప స్మారకం కింద శాశ్వతంగా విశ్రమించాడు. ఆయన నిర్మించిన కప్పీల యంత్రాలలో కొన్ని మాత్రం ఆ తరువాత నూరేళ్లకు పైగా అలసట ఎరుగక పనిచేశాయి.