అడవిగడ్డలో దొరికిన హార్మోన్

ముట్లుడిగే వయసులో ఒంట్లోంచి సెగలు, రాత్రుళ్లు చెమటలు, పట్టని నిద్ర. వీటికి డాక్టర్లు రాసే జంట హార్మోన్ల మాత్ర వెనక ఓ మొండిమనిషి కథ ఉంది.

రసెల్ మార్కర్ 1902లో అమెరికాలోని మేరీలాండ్‌లో ఓ కౌలురైతు ఇంట పుట్టాడు. డాక్టరేటుకు కావలసిన పరిశోధనంతా చేసి, అక్కర్లేని పాఠాలు చదవనంటూ పట్టా లేకుండానే విశ్వవిద్యాలయం వదిలేశాడు.

అప్పట్లో ప్రొజెస్టెరాన్ హార్మోన్ బంగారం కన్నా ప్రియం. గ్రాము 80 డాలర్లు! దాన్ని మొక్కల్లోంచి తీయాలని మార్కర్ పట్టుబట్టాడు. 1942లో మెక్సికోలోని వెరాక్రూజ్ ప్రాంతంలో ఓ పెద్ద అడవిగడ్డను వెతికి పట్టుకున్నాడు. అది మన పెండలం జాతిదే. కొత్తగూడ, మహదేవపూర్ అడవుల్లో తవ్వుకునే గడ్డల్లోనూ ఆ జాతివి ఉన్నాయి.

అమెరికా కంపెనీలు పెట్టుబడి పెట్టమన్నాయి. మార్కర్ ఉద్యోగం మానేసి మెక్సికో వెళ్లాడు. తయారుచేసిన హార్మోన్‌ను పాత న్యూస్‌పేపర్లో చుట్టుకుని ఓ చిన్న మందుల కంపెనీ గడప తొక్కాడు. అలా 1944లో సింటెక్స్ సంస్థ పుట్టింది. లాభాల వాటా దగ్గర తగాదా వచ్చి, మరుసటేడే బయటికొచ్చేశాడు. హార్మోన్ ధర మాత్రం పడిపోయింది. 1949లో రసాయనశాస్త్రానికే దణ్ణం పెట్టి వెండిపనిలో పడ్డాడు. 1995లో కన్నుమూశాడు.

ఈ హార్మోన్‌తో మనకేం పని? ఒకప్పుడు అమెరికాలో ముట్లుడిగినవాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చేవారు. దానివల్ల గర్భసంచి లోపొరకు క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని 1975లో తేలింది. ప్రొజెస్టెరాన్ జాతి మందు ఆ పొరను కాపాడుతుంది. అందుకే గర్భసంచి ఉన్నవాళ్లకు జంట మాత్ర. తీసేసినవాళ్లకు సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు.

తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో వందకు ఎనిమిదిమంది దాకా గర్భసంచి తీయించుకున్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. జనగామ అయినా, మానుకోట అయినా, భూపాలపల్లి అయినా డాక్టరు దగ్గరికెళ్లేటప్పుడు ఆపరేషన్ కాగితాలు తీసుకెళ్లండి. అండాశయాలు కూడా తీశారో లేదో అడిగి తెలుసుకోండి.

నెలసరి ఆగి ఏడాది దాటకపోతే నెలలో కొన్నాళ్లే రెండో హార్మోన్ ఉండే మాత్ర రాస్తారు. దాటితే రోజూ రెండూ. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే జబ్బు, కాలేయ జబ్బు ఉంటే ముందే చెప్పాలి. జంట మాత్ర ఏళ్లతరబడి వాడితే రొమ్ము క్యాన్సర్ ముప్పు కొంచెం పెరుగుతుందని 2002లో ఓ పెద్ద అధ్యయనం చూపింది. అరవై దాటకముందు, నెలసరి ఆగిన పదేళ్లలోపు మొదలుపెడితే, బాధలు ఎక్కువున్నవాళ్లకు మామూలుగా నష్టం కన్నా మేలే ఎక్కువ. ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి.

అన్నట్టు, పెండలం తింటే హార్మోన్ రాదు. ఆ మార్పు మన ఒంట్లో జరగదు, ప్రయోగశాలలోనే జరుగుతుంది. గడ్డ కూరకు, మాత్ర డాక్టరు చీటీకి!