లెక్క తెలిసిన దయామయి – ఫ్లారెన్సు నైటింగేలు

రాత్రివేళ చేత దీపము ధరించి, ఆసుపత్రిలో రోగుల మంచముల నడుమ నడచిపోవు ఒక స్త్రీమూర్తి చిత్రమును మీలో చాలమంది చూచియే యుందురు. ఆమె ఫ్లారెన్సు నైటింగేలు. ఆ దీపమును గూర్చి లోకమున ఎన్నో కథలు ప్రచారములో నున్నవి. కాని దీపము వెలుగుకంటె, ఆమె పట్టుదలతో కూర్చిన అంకెల పట్టికలే ఎక్కువమంది ప్రాణములను కాపాడినవని నా అభిప్రాయము.

ఆమె 1820వ సంవత్సరము మే నెల 12వ తేదీన ఇటలీ దేశమునందలి ఫ్లారెన్సు నగరమున జన్మించెను. తలిదండ్రులు ఆంగ్లేయులు, సంపన్నులు. వారు జన్మస్థలము పేరునే బిడ్డకు పెట్టిరి. ఆ కాలమున ఇంగ్లండులో కలవారి యింటి ఆడపిల్లలకు సంగీతము, కుట్టుపని నేర్పి సరిపెట్టుచుండిరి. తండ్రి విలియం నైటింగేలు మాత్రము తన కుమార్తెల నిద్దరిని చెంత కూర్చుండబెట్టుకొని గ్రీకు, లాటిను భాషలను, చరిత్రను తానే బోధించెను. ఫ్లారెన్సునకు గణితముపై మక్కువ మెండు. ఆడపిల్లకు లెక్కలేల యని తల్లి సంశయించినను ఆమె తన పట్టు విడువలేదు.

రోగులకు సేవ చేయవలెనని ఆమె కోరిక. నాడు ఆ వృత్తికి గౌరవము లేకుండెను. కుటుంబమువారు ససేమిరా అనిరి. ఏండ్ల తరబడి వేచి, 1851లో జర్మనీయందలి కైజర్సువర్తు అను గ్రామమున కొన్ని నెలలు శిక్షణ పొంది, 1853లో లండనులోని ఒక చిన్న వైద్యశాలకు అధికారిణి యయ్యెను.

1854లో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములు తురుష్కుల పక్షమున రష్యాతో క్రిమియా యుద్ధమునకు దిగెను. గాయపడినవారిని, రోగపీడితులను ఓడలలో నల్లసముద్రము దాటించి, కాన్‌స్టాంటినోపిలు నగరమునకు ఎదుటనున్న స్కుటారికి చేర్చుచుండిరి. అచ్చట సైనికులు దిక్కులేక మరణించుచున్నారని పత్రికలు వ్రాయగా ప్రజల హృదయములు కరగినవి. చందాలు వచ్చిపడినవి. యుద్ధమంత్రి సిడ్నీ హెర్బర్టు కోరికపై ఫ్లారెన్సు 38 మంది పరిచారికలతో బయలుదేరి, నవంబరు 4వ తేదీన స్కుటారి చేరెను.

ఆ ఆసుపత్రి ఒక పాత సైనిక నివాసము. దాని క్రింద మురుగుకాలువలు పూడిపోయి కుళ్లుచుండెను. పడకలు చాలవు, రోగులకు మార్చుకొనుటకు బట్టలు లేవు. ఫ్లారెన్సు చందాల సొమ్ముతో చొక్కాలు, పాత్రలు, నేలలు తోము బ్రష్షులు కొనెను. వంటశాలలు, చాకిరేవు ఏర్పరచెను. రేయింబవళ్లు శ్రమించెను. అయినను మరణములు తగ్గలేదు; పైపెచ్చు పెరిగినవి. నాటి లెక్కల ప్రకారము 1855 ఫిబ్రవరిలో అచ్చట చికిత్స పొందినవారిలో నూటికి 42 మంది మరణించిరి.

మార్చి నెలలో ప్రభుత్వము పంపిన ఆరోగ్య సంఘమువారు వచ్చి కాలువలు కడిగించిరి. కుళ్లిన జంతు కళేబరములను తీయించిరి. గాలి వచ్చుటకు మార్గములు చేసిరి. గోడలకు సున్నము వేయించిరి. జూను నాటికి మరణములు నూటికి రెండింటికి దిగినవి.

1856లో ఆమె స్వదేశమునకు మరలివచ్చునప్పటికి దేశమంతట ఆమె కీర్తియే. వేరొకరైనచో ఆ కీర్తితో తృప్తిపడి యుందురు. ఆమె గది తలుపు మూసికొని, ప్రభుత్వ గణాంక నిపుణుడైన విలియం ఫార్ సాయమున, ఎవరెవరు ఏ నెలలో ఏ కారణముచే మరణించిరో లెక్క తీయుటకు కూర్చుండెను. సైనికులు ఆకలిచేతను, అలసటచేతను, ఆలస్యముగా చేరుటచేతను మరణించిరని ఆమె అంతవరకు నమ్మియుండెను. లెక్కలు వేరొక సంగతి చెప్పినవి. శత్రువుల గుండ్లకంటె అంటురోగములే పెక్కు రెట్లు ప్రాణములను హరించినవి. అందులోను తాను సేవ చేసిన స్కుటారి ఆసుపత్రియే మిక్కిలి ఘోరముగా నుండెను! పూడిన మురుగు పైన పరచిన పడకపై ఎంత ప్రేమతో సేవ చేసినను అది బూడిదలో పోసిన పన్నీరే యయ్యెను. ఆ సత్యము ఆమె మనస్సును ఎంత కలచియుండునో ఊహింపుడు. ఆమె దానిని దాచలేదు. ప్రభుత్వము ఎదుట పెట్టెను.

మంత్రులు అంకెల పట్టికలను చదువరని ఆమె యెరుగును. కావున 1858లో ఒక చిత్రమును గీసెను. వలయమును పండ్రెండు నెలలకు పండ్రెండు ముక్కలు చేసి, ఏ నెలలో మరణములు అధికమో ఆ ముక్కను అంత పెద్దదిగా చూపెను. అంటురోగములకు నీలిరంగు, గాయములకు ఎరుపు, తక్కిన కారణములకు నలుపు. చూచినవారికి చదువు లేకున్నను నీలిరంగు విస్తారము తెలియును. ఆ యేడే గణాంక శాస్త్ర సంఘమువారు ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొనిరి. ఆ సంఘమున చేరిన తొలి స్త్రీ ఆమెయే.

యుద్ధకాలముననే ప్రజలు ఆమె పేర ఒక నిధి కూర్చిరి. అది 44,000 పౌనులకు మించెను. ఆ ధనముతో ఒక గొప్ప ఆసుపత్రి కట్టించియున్నచో చూపరులు మెచ్చుకొనియుందురు. ఆమె తొందరపడలేదు. 1860లో లండనునందలి సెంటు థామసు ఆసుపత్రిలో పరిచారికలకు శిక్షణాలయము నెలకొల్పెను. శిక్షణ పొందిన ఒక్కొక్క పరిచారిక మరికొందరికి నేర్పునని ఆమె లెక్క. ప్రతి విద్యార్థిని పనియు, నడతయు నెలనెల పట్టికలో ఎక్కింపవలెను. మీ హాజరుపట్టీ చూచి విసుగుకొను బాలురు ఈ పట్టికను చూచినచో ఏమందురో!

ఆ నిధి సాయముననే కింగ్సు కళాశాల ఆసుపత్రిలో మంత్రసానులకు శిక్షణ నిచ్చు ప్రసూతిశాల యొకటి నడచెను. అచ్చట బాలింతలు జ్వరముతో మరణించుచుండగా 1867లో దానిని మూసివేసిరి. ఫ్లారెన్సు అంతటితో విడువక, పలు ప్రసూతిశాలల లెక్కలు తెప్పించి, ఇండ్లలో ప్రసవించినవారి లెక్కలతో పోల్చి, 1871లో ఒక గ్రంథము ప్రకటించెను. పేదల మేలుకొరకు కట్టిన శాలలకంటె పేదల గుడిసెలలోనే తల్లులు ఎక్కువగా బ్రదుకుచుండిరని తేలెను. తాము నెలకొల్పిన ధర్మకార్యమే కీడు చేయుచున్నదని యొప్పుకొనుటకు ఎంత గుండెదిటవు కావలెను!

ఆమె హిందూదేశమునకు ఎన్నడును రాలేదు. క్రిమియా నుండి తెచ్చుకొన్న రోగముచే పెక్కేండ్లు గది దాటి వెలుపలికి వచ్చుటయే అరుదు. అయినను ఇచ్చటి సైనిక స్థావరములన్నిటికి ప్రశ్నావళులు పంపించెను. నీరు ఎచ్చటిది? మురుగు ఎటు పోవును? ఎందరు మరణించిరి? వచ్చిన సమాధానములతో రెండువేల పుటలకు మించిన నివేదిక 1863లో వెలువడెను. బ్రిటిషు సైనికులు ఏటేట వేయింటికి 69 మంది చొప్పున మరణించుచుండిరి. మంచినీటికి, మురుగునకు ఏర్పాట్లు జరుగగా, 1873లో ఆమె వ్రాసిన వ్యాసము నాటికి ఆ సంఖ్య 18కి తగ్గెను.

సైనికుల లెక్కలు చూచుచు ఆమె క్రమముగా రైతుల లెక్కలలోనికి దిగెను. ధవళేశ్వరమువద్ద గోదావరికి ఆనకట్ట కట్టిన సర్ ఆర్థరు కాటనుతో ఆమెకు స్నేహము కుదిరెను. 1876–78 సంవత్సరములలో మదరాసు రాజధానిని దహించిన కరువును మన పెద్దలు ధాత కరువనిరి. బళ్ళారి, కర్నూలు, కడప మండలములలో జనులు మలమల మాడిపోయిరి. గోదావరి కాలువల క్రింది పొలములు మాత్రము పండినవి. కరువు వచ్చిన పిమ్మట గంజి పోయుట చేతులు కాలినపిదప ఆకులు పట్టుకొనుట వంటిదనియు, కాలువలకు ఎంత వ్యయమైనదో, ఎంత ఫలము వచ్చినదో సరియైన లెక్కలు కావలెననియు ఆమె లండనులోని అధికారులను పదేపదే అడిగెను. కోరిన లెక్కలు అన్నియు ఆమెకు దొరకలేదు. కాలువలకంటె రైలుమార్గములపైననే ప్రభుత్వమునకు మక్కువ హెచ్చు.

1891లో, డెబ్బదియొకటవ యేట, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున గణాంకశాస్త్రమునకు ఆచార్యపీఠము నెలకొల్పవలెనని శాస్త్రజ్ఞుడైన ఫ్రాన్సిసు గాల్టనుకు వ్రాసెను. బడి విడిచిన పిల్లలు నేర్చినదానిలో ఎంత నిలుపుకొనుచున్నారు, శిక్షలు నేరములను తగ్గించుచున్నవా, హిందూదేశ ప్రజలు సంపన్నులగుచున్నారా పేదలగుచున్నారా – ఇవి ఆచార్యుడు శోధింపవలెనని ఆమె కోరిన విషయములు. మొదటి ప్రశ్న మావంటి ఉపాధ్యాయులకు నేటికిని తగులుచునే యున్నది. ఆ పీఠము ఆమె జీవితకాలమున ఏర్పడలేదు.

1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అను గౌరవము పొందెను; స్త్రీలలో దానిని పొందినవారిలో ఆమెయే మొదటిది. 1910 ఆగస్టు 13వ తేదీన తొంబది యేండ్ల వయస్సున లండనులో మరణించెను. వెస్టుమినిస్టరు దేవాలయమున సమాధి చేయుదుమని ప్రభుత్వము చెప్పగా బంధువులు అంగీకరింపక, హాంపుషైరులోని ఈస్టువెల్లో గ్రామమున, తలిదండ్రుల చెంతనే ఖననము చేసిరి. ఆ రాతిపై ఆమె పేరు పూర్తిగా లేదు. రెండు పొడియక్షరములును, జనన మరణ కాలములును మాత్రమే చెక్కబడియున్నవి.