రాయకోటను చిత్రించిన కాప్టెన్ ట్రైప్

హోసూరునుండి ధర్మపురికి పోవు రైలుబండిలో కేలమంగలము దాటిన పిమ్మట కొంతసేపటికి రాయకోట వచ్చును. అచటి దుర్గము గల కొండ మన విద్యార్థులకు క్రొత్తది కాదు. దాని నెక్కినవారు మనలో పెక్కుమంది కలరు. ఎక్కి, చేతిఫోనుతో చిత్రము తీయకుండ దిగివచ్చినవారు బహుశః ఒక్కరును ఉండరు. అయితే నూట అరువది యేండ్లకు పూర్వమే ఒక సైనికాధికారి ఎద్దుబండ్లమీద పెద్ద కెమేరాను, మైనము పట్టించిన కాగితములను, మందుసీసాలను వేసికొని ఈ ప్రాంతమునకు వచ్చి ఛాయాచిత్రములు తీసెనన్న సంగతి ఎరిగినవారు తక్కువ. ఆయన పేరు లిన్నేయస్ ట్రైప్. రాయకోట పేరుతోనే ఆయన ఒక చిత్రసంపుటమును 1858లో వెలువరించెను. ఆనాడు ఈ సీమ సేలము జిల్లాలోనిది. కృష్ణగిరి ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 2004లో.

ట్రైప్ 1822లో ఇంగ్లండు దక్షిణతీరమున డెవన్‌పోర్టు అను నౌకాశ్రయ పట్టణమున జన్మించెను. బహు సంతానము గల కుటుంబము. వృక్షశాస్త్రము చదువు విద్యార్థులకు లిన్నేయస్ అను పేరు పరిచితమే. మొక్కలకు జాతినామములు కూర్చిన స్వీడను దేశపు పండితుని పేరది. పదునేడేండ్ల ప్రాయము వచ్చునప్పటికి ట్రైప్ ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు సైన్యమున చేరి, కొలదికాలమునకే భారతదేశమునకు వచ్చెను. పది సంవత్సరముల కొలువులో చెప్పుకొనదగిన విశేషములు లేవు. ఆయన జీవితము మలుపు తిరిగినది యుద్ధమున కాదు, సెలవులో. 1850 ప్రాంతమున దీర్ఘకాలపు సెలవుమీద స్వదేశమునకు పోయినపుడు అచట కొత్తగా ప్రబలుచున్న ఛాయాగ్రహణ విద్య ఆయన నాకర్షించెను. లండనులో 1853లో స్థాపితమైన ఛాయాగ్రాహక సంఘమున ఆ యేడే సభ్యుడయ్యెను.

ఆ విద్య అప్పటికి ఏ స్థితిలో నుండెనో కొంచెము తెలిసికొనినగాని ట్రైప్ పడిన శ్రమ మనకు బోధపడదు. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు టాల్బట్ 1835లోనే చిన్న కాగితపు ముక్కమీద నెగటివును సాధించెను. నెగటివనగా తారుమారైన చిత్రము: వెలుగున్నచోట నలుపు, నీడయున్నచోట తెలుపు. దానిని మరియొక మందుకాగితముపై నానించి ఎండలో నుంచినచో మరల తారుమారై అసలు చిత్రము వచ్చును. ఒక్క నెగటివునుండి ఎన్ని ప్రతులనైనను తీయవచ్చును. ఇందులో గమనింపవలసిన దొకటి కలదు. కాగితమును నెగటివునకు ఆనించియే ముద్రింపవలెను గనుక ప్రతి ఎంతయో నెగటివును అంతయే. పెద్ద చిత్రము కావలెనన్న పెద్ద నెగటివు, పెద్ద నెగటివు కావలెనన్న పెద్ద కెమేరా. ట్రైప్ నెగటివులు అడుగునకు మించిన వెడల్పు గలవి.

1851లో రెండు నూతన పద్ధతులు వెలువడెను. ఆర్చర్ అను ఆంగ్లేయుడు గాజుపలకపై కొలోడియను పూయు మార్గమును కనిపెట్టెను. చిత్రము మిక్కిలి స్పష్టముగా వచ్చును గాని పలక తడియారకముందే చిత్రము తీసి కడిగివేయవలెను. మన ఎండలలో ఆ తడి నిలుచుట కొన్ని నిమిషముల మాట. గుడారము, నీరు, మందులు అన్నియు కెమేరా పక్కనే ఉండవలెను. పైగా గాజు బండికుదుపులకు పగులును. ఫ్రెంచివాడు ల గ్రే చూపిన రెండవ మార్గమున పలుచని కాగితమునకు ముందుగా మైనము పట్టింతురు. తరువాత అయోడైడు ద్రావణమునను, వెండి లవణమగు సిల్వరు నైట్రేటు ద్రావణమునను ముంచి ఆరబెట్టుదురు. ఈ కాగితమును ఒకనాడు సిద్ధపరచి మరునాడు వాడవచ్చును. బసకు తిరిగి వచ్చిన పిమ్మట తీరికగా గాలిక్ ఆమ్లమున కడిగి చిత్రమును తేర్చవచ్చును. ట్రైప్ దూరప్రయాణములకు ప్రధానముగా ఈ మైనపు కాగితమునే ఎన్నుకొనెను. రోడ్లు, ఎండ, బండ్లు తెలిసినవాడు చేసిన ఎన్నిక అది.

దీనికొక లోపము లేకపోలేదు. వెలుగును గ్రహించుటలో మైనపు కాగితము మందకొడి. కెమేరా కన్ను నిమిషములకొలది తెరచియుంచవలెను. అంతసేపు కదలక నిలిచిన రాతికట్టడము చక్కగా పడును. నడచిపోవు మనుష్యుడు జాడలేక మాయమగును. ట్రైప్ చిత్రములలోని ఆలయవీథులు నిర్జనముగ కనబడుటకు ఇదియే కారణము. మధుర వీథులు ఆనాడు శూన్యముగ నుండెనని ఆ చిత్రములను చూచి ఎవరైన తలంచినచో పొరబడినట్లే.

1854లో బెంగుళూరికి తిరిగివచ్చిన ట్రైప్ ఆ సంవత్సరాంతమున హళేబీడు, బేలూరు హొయ్సల దేవాలయములను చిత్రించెను. మరుసటియేడు మద్రాసు ప్రదర్శనమున ఆ చిత్రములకు ప్రథమశ్రేణి పతకము లభించెను. 1855లోనే గవర్నరు జనరలు డల్హౌసీ బర్మా రాజైన మిండాన్ కడకు ఒక రాయబారమును పంపెను. నాయకుడు ఆర్థర్ ఫేర్, కార్యదర్శి హెన్రీ యూల్. దానివెంట ఛాయాగ్రాహకుడుగా పోయిన ట్రైప్ రెండువందలకు పైగా నెగటివులతో తిరిగివచ్చెను. వానిలో నూటయిరువదింటిని ఏరి, ఒక్కొక్కదానికి ఏబది ప్రతులు చొప్పున బెంగుళూరిలో ముద్రింపించెను. లెక్కవేసిన ఆరువేల ప్రతులు! ప్రతి ఒక్కటియు ఎండలో పెట్టి, వన్నె చూచి, తీసి, కడిగి, ఆరబెట్టి అట్టకు అంటించినదే. యంత్రమున అచ్చుపడినది ఒక్కటియు లేదు.

1856లో మద్రాసు ప్రభుత్వము ఆయనను తన ఛాయాగ్రాహకునిగ నియమించెను. పురాతన కట్టడములు శిథిలము కాకముందే వాని రూపమును భద్రపరచుట ఆ యుద్యోగపు ముఖ్యోద్దేశము. 1857 చివర ఆయన బెంగుళూరినుండి దక్షిణమునకు బయలుదేరెను. ఉత్తరదేశమున సిపాయిల తిరుగుబాటు ఇంకను చల్లారలేదు. కంపెనీ సైన్యమున కాప్టెనుగ నున్నవాడు తుపాకికి బదులు కెమేరాతో తిరుగుట చిత్రమైన సంగతియే. సేలము జిల్లా మీదుగా సాగిన ఆ ప్రయాణమున తొలుత తగిలినది మన సీమ. రాయకోట దుర్గము అప్పటికే యుద్ధవార్తలలో పేరుపడిన స్థలము. టిప్పు సుల్తానుతో జరిగిన మూడవ మైసూరు యుద్ధమున, 1791లో, ఆంగ్లేయులు దానిని పట్టుకొనిరి. అరువదియారేండ్ల తరువాత అదే కంపెనీ సైనికుడు అచట కెమేరా నిలిపెను. అచటినుండి శ్రీరంగము, తిరుచిరాపల్లి, మధుర, పుదుక్కోట, తంజావూరు. 1858 వేసవి ముదురునప్పటికి ఈ యాత్ర ముగిసెను. ఒక్క మధురకే నాలుగు సంపుటములు పట్టెను.

తంజావూరు బృహదీశ్వరాలయమున ఆయన చేసిన పని ప్రత్యేకముగ చెప్పదగినది. ఆలయపు అధిష్ఠానమున చోళుల నాటి శాసనములు వరుసగ చెక్కబడియున్నవి. వానిని తునుకలు తునుకలుగ చిత్రించి, ఇరువదియొక్క ప్రతులను ఒకదాని ప్రక్క నొకటి అతికి, సుమారు పందొమ్మిది అడుగుల పొడవుగల చుట్టగా కూర్చెను. అందలి అక్షరములు ఆయనకు అర్థము కాలేదు గాని, చదువగలవారికి అందునట్లు రాయి మీదిది రాయి మీద ఉన్నట్లుగా ఎత్తి తెచ్చెను.

తెలుగువారమగు మనము మరువరానిది మరియొకటి. అమరావతి స్తూపపు శిల్పఫలకములను 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి మద్రాసునకు పంపించెను. అందుచేత వానికి అప్పట్లో ఎలియటు చలువరాళ్లను పేరు వచ్చెను. ట్రైప్ 1858లో మద్రాసు మ్యూజియమునకు పోయి ఆ శిలలను చిత్రించెను. ఆ మరుసటి సంవత్సరమే అందు పెక్కు ఓడనెక్కి లండను చేరెను. నేడవి బ్రిటిష్ మ్యూజియమున నున్నవి. కృష్ణాతీరపు శిల్పములు మన దేశపు నేలమీద ఉండగా ఎట్లుండెనో చూపు సాక్ష్యములలో ట్రైప్ చిత్రములు ముఖ్యమైనవి.

ఇట్టి పని ఎక్కువకాలము సాగలేదు. 1859లో సర్ చార్లెస్ ట్రెవెలియన్ మద్రాసు గవర్నరుగా వచ్చెను. తిరుగుబాటు అనంతరము ఖజానా ఒట్టిపోయియుండెను. అట్టి సమయమున ఛాయాచిత్రములు ప్రభుత్వము మోయరాని విలాసమని ఆయన నిర్ణయించి, ఆ శాఖను మూసివేయ నాజ్ఞాపించెను. కరవులు, ఋణములు నెత్తిన నున్న పరిపాలకుని లెక్క ఆయనది; దానిని పూర్తిగ తప్పనుటకు వీలులేదు. కాని అప్పటికే చేతికంది వచ్చిన పని నిలిచిపోయెను. ఆంధ్రజిల్లాల కోటలు, ఆలయములు ఆ చేతికి చిక్కనే లేదు. మిగిలిన ముద్రణను ముగించి 1860లో ట్రైప్ తన కార్యశాలను కట్టివేసెను. వయస్సు అప్పటికి ముప్పదియెనిమిది. ఆ పిమ్మట పదునైదేండ్ల వరకు సైన్యములోనే ఉండి, మేజరు జనరలు గౌరవముతో విరమించినను, ఛాయాగ్రహణమున మరల చెప్పదగినంత పని చేయలేదు. 1902లో జన్మస్థలమగు డెవన్‌పోర్టుననే మరణించెను. అనంతరము చిరకాలము మరుగునపడిన ఆయన చిత్రములను 2014, 2015 సంవత్సరములలో వాషింగ్టను, న్యూయార్కు, లండను నగరముల ప్రదర్శనశాలలు వరుసగ ప్రదర్శించెను.

ఇక ఈ కాలపు ముచ్చట. ఫోనులోని చిత్రమునకు నెగటివు లేదు. అయినను ఎండలో ముద్రించు పాతపద్ధతులపై మక్కువ గలవారు ఇప్పుడును దేశదేశములందు కలరు. వారు కంప్యూటరులో చిత్రమును తారుమారు చేసి, పారదర్శకమైన ప్లాస్టికు రేకుమీద సిరా ప్రింటరుతో ముద్రించి నెగటివును చేసికొనుచున్నారు. దీనిని డిజిటల్ నెగటివందురు. అడుగు వెడల్పు చిత్రమునకు అడుగు వెడల్పు రేకు. ట్రైప్ నాటి నియమమే. పెద్ద కెమేరా మాత్రము అక్కరలేదు.

కేవలము తారుమారు చేసినంతమాత్రమున పని కాదు. మొదటిసారి ప్రయత్నించినవారికి నీడలన్నియు ముద్దయై, వెలుగులన్నియు వెలవెలబోయి కనబడును. కారణ మేమన, మందుకాగితము మన కంటివలె చూడదు. అది ముఖ్యముగ అతినీలలోహిత కిరణములకు స్పందించును. కంటికి కారునలుపుగ తోచు సిరా ఆ కిరణములను పోనిచ్చుట కలదు. పలుచని పసుపుసిరా వానిని అడ్డుకొనుటయు కలదు. అందుచేత తెలుపునుండి నలుపువరకు మెట్లుమెట్లుగ గల ఒక పట్టీని ముందు ముద్రించి, ఎండలో పెట్టి, ఏ మెట్టు ఎంత నల్లబడినదో చూచి, ఆ ప్రకారము చిత్రపు వన్నెలను కంప్యూటరులో సవరింతురు. కాగితము మారిన సవరణ మారును. మన పాఠశాలలో ప్రయత్నింపదలచినవారికి సిల్వరు నైట్రేటు తగదు. అది చేతిని నల్లచేయును, కంటికి హాని, వెల యెక్కువ. 1842లో హెర్షెల్ కనిపెట్టిన నీలిముద్రణ మేలు. ఫెర్రిక్ అమోనియం సిట్రేటు, పొటాసియం ఫెర్రిసయనైడు ద్రావణములను కలిపి నీడలో కాగితమునకు పూసి, ఆరిన పిమ్మట నెగటివు నానించి ఎండలో నుంచి, నీటిలో కడిగిన చాలును. చిత్రము నీలమై నిలుచును. రసాయనశాస్త్రపు ఉపాధ్యాయుని ఎదుటనే చేయవలెను.

ట్రైప్ చేసినదియు ఇట్టి సవరణయే. నాటి మందులు నీలికాంతిని అమితముగ పీల్చుటచే ఆకాశము నెగటివులో నల్లని ముద్దయై, ప్రతిలో ఏమియు లేని తెల్లని బయలుగ వచ్చెడిది. అందుకై ఆయన వెలుగును తానే అదుపుచేయ పూనుకొని, కుంచె పట్టి నెగటివుమీదనే రంగు పూసి మేఘములను నిలిపెను. చెట్ల ఆకులను సైతము అక్కడక్కడ దిద్దెను. రంగు పడినచోట ఎండ దిగదు. దిగనిచోట కాగితము తెల్లగ నిలుచును. ఆయన కాగితపు నెగటివులు కొన్ని నేడును ఇంగ్లండులో భద్రముగ నున్నవి. వెలుగునకు ఎదురుగ పట్టి చూచిన, గుడి గోపురము పైన ఆ కుంచె గీతలు కనబడును.