ఉమ్మె కుల్సూమ్ : గురువారం రాత్రుల గొంతు

ఒకప్పుడు ఈజిప్టులో కచేరీల సీజను వచ్చిందంటే ప్రతి నెలా మొదటి గురువారం రాత్రి వీధులు బోసిపోయేవి. కర్ఫ్యూ ఏమీ లేదు. ఉమ్మె కుల్సూమ్ పాట రేడియోలో వస్తుంది, అంతే. బాగ్దాద్, డెమాస్కస్ లాంటి దూరపు నగరాల్లో కూడా కాఫీ హోటళ్లలో జనం రేడియో చుట్టూ మూగి కూర్చునేవారు.

ఆవిడ పుట్టింది నైలు నది డెల్టాలోని ఒక చిన్న పల్లెటూళ్లో. పుట్టిన సంవత్సరం 1898 అని కొందరు, 1904 అని కొందరు. తండ్రి ఇబ్రాహీం గారు ఆ ఊరి మసీదు ఇమామ్. చాలీచాలని రాబడి. అందుకని పెళ్లిళ్లలో, మౌలూద్ మహఫిల్‌లలో భక్తి గీతాలు పాడేవారు. కొడుక్కి నేర్పుతుంటే పక్కనుంచి విన్న చిన్నారి కూతురు వాటిని తానే పాడేసింది. ఆడపిల్లను నలుగురిలో పాడించడానికి జంకి, ఆయన ఆ పిల్లకు మగపిల్లాడి దుస్తులు తొడిగి వెంట తీసుకెళ్లేవారు. మక్తబ్‌లో ఖురాన్ పారాయణం నేర్చుకోవడం వల్ల అరబ్బీ అక్షరాల ఉచ్చారణ ఆవిడ నోట స్పష్టంగా పలికేది. ఆవిడ పాటకు అసలు పునాది ఇదేనని నా అభిప్రాయం.

1923 ప్రాంతాల్లో కుటుంబం కైరో చేరింది. కవి అహ్మద్ రామీ గారు పాటలు రాశారు, సాహిత్యం చదివించారు. ముహమ్మద్ అల్ ఖసబ్జీ బాణీలు కట్టారు. గ్రామఫోను కంపెనీలు వెంటపడ్డాయి. కానీ ఆ ప్లేటుకు ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలే! ఆవిడ పాటేమో ఒక్కో చరణాన్ని పదే పదే తిప్పి, ప్రతిసారీ కొత్తగా పలికిస్తూ గంట దాకా సాగేది. 1934లో ఈజిప్టు రేడియో మొదలయ్యాక గాని ఆ పాటకు సరిపడా చోటు దొరకలేదు.

డబ్బు లెక్కల్లో ఆవిడ గట్టి మనిషి. స్వరకర్త జకరియా అహ్మద్ గారికీ ఆవిడకూ హక్కుల మీద వచ్చిన తగాదా కోర్టుకెక్కింది. 1960లో గాని రాజీ కుదరలేదు. ఖసబ్జీ గారి సంగతి ఇంకా బాధాకరం. 1940ల తర్వాత ఆవిడ ఆయన బాణీలు తీసుకోలేదు. అయినా ఆయన 1966లో చనిపోయేదాకా ఆవిడ వెనకే కూర్చుని ఊద్ వాయించారు. అంత పెద్ద గొంతు నీడలో ఇలాంటివారూ ఉన్నారు మరి.

1967 యుద్ధంలో ఈజిప్టు ఓడిపోయింది. అప్పటికే ఆవిడకు అరవై దాటాయి, ఆరోగ్యం అంతంతమాత్రం. అయినా ఆ నవంబరులో పారిస్ వెళ్లి ఒలింపియా హాలులో పాడారు. తర్వాత మొరాకో, ట్యునీషియా, కువైట్, సూడాన్ తిరిగారు. వచ్చిన సొమ్ము దేశానికిచ్చేశారు.

మనవాళ్లకు దగ్గరి విషయం ఒకటుంది. అల్లామా ఇక్బాల్ గారి షిక్వా ఆధారంగా అరబ్బీలో వచ్చిన గీతాన్ని ఆవిడ 1967లో రియాజ్ సున్బాతీ బాణీలో పాడారు. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ఉర్దూలో చదువుకున్న ఆ మొర అలా అరబ్బుల ఇళ్లకు చేరింది.

1975 ఫిబ్రవరి 3న కైరోలో కన్నుమూశారు. జనాజాకు లక్షలాది జనం వచ్చారు. మోయడానికి ఏర్పాటు చేసినవాళ్ల భుజాల మీదినుంచి జనమే జనాజాను అందుకుని, అనుకున్న దారి వదిలేసి, హజ్రత్ హుస్సేన్ మసీదు దాకా మోసుకెళ్లారు.

ఆ కచేరీల టేపులే తర్వాత సౌత్ అల్ ఖాహిరా కంపెనీ రికార్డులుగా, క్యాసెట్లుగా వచ్చాయి. 1966 నాటి అల్ అత్లాల్ పాటకు వేర్వేరు రాత్రుల టేపులున్నాయి. ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఏ రాత్రిది మేలు అని అరబ్బులు ఇప్పటికీ కాఫీ తాగుతూ వాదించుకుంటారు.